విడిభాగాలతో సొంత పిస్టల్ కట్టుకోవచ్చా? మీరు మలుచుకోవాల్సింది గ్రిప్‌ను

మీరు అడిగింది ఇది: అమెరికాలో కొందరు ఫ్రేము, స్లైడు, బ్యారెల్ విడివిడిగా కొనుక్కుని ఇంట్లోనే పిస్టల్ బిగించుకునే వీడియోలు చూశారు. మీరుండేది హైదరాబాద్‌లో, షూటింగ్‌కు పూర్తిగా కొత్త. మీ చేతికి తగ్గట్టు ఒక పిస్టల్ అలాగే తయారు చేసుకోవాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని.

సూటిగా చెప్తాను: తూటా పేల్చే పిస్టల్‌ను ఇక్కడ అలా బిగించకూడదు. లైసెన్సు లేకుండా చేస్తే అది పెద్ద నేరం. హాబీ కోసమే అన్నా చట్టం ఒప్పుకోదు. కానీ మీ అసలు కోరిక “నా చేతికి అతికినట్టుండే పిస్టల్” అయితే దానికి మంచి దారి ఉంది. 10 మీటర్ల పోటీల్లో వాడే ఎయిర్ పిస్టల్‌ను తయారైనదిగానే కొని, దాని గ్రిప్‌ను (చేత్తో పట్టుకునే పిడిని), ట్రిగ్గర్‌ను, సైట్లను (గురి చూడటానికి పిస్టల్ పైన ముందూ వెనకా ఉండే గుర్తులను), బరువును మీకు తగ్గట్టు మలుచుకోవాలి. పోటీ షూటర్లు కస్టమ్ పిస్టల్ అనేది దీన్నే. చేతిపని కావాలనుకునేవాళ్లకు ఇందులో నెలల తరబడి పని దొరుకుతుంది.

ముందు చట్టం సంగతి. 1959 ఆయుధాల చట్టంలో “ఆయుధాలు” అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే విడిభాగాలు, వాటిని తయారుచేసే యంత్రాలు కూడా ఉన్నాయి. కాబట్టి “నేను కొన్నది బ్యారెల్ ఒక్కటే కదా” అన్న వాదన నిలవదు. లైసెన్సు లేని తయారీకి 2019 సవరణ తర్వాత శిక్ష 7 ఏళ్ల నుంచి యావజ్జీవం దాకా ఉంది. బొమ్మ తుపాకీనో డమ్మీనో నిజంగా పేలేలా మార్చడం కూడా అదే చట్టం కింద నేరమే. అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడ సమాఖ్య చట్టం ఫ్రేమునే తుపాకీగా లెక్కేస్తుంది, సొంతానికి బిగించుకోవడాన్ని చాలా రాష్ట్రాలు అనుమతిస్తాయి, కొన్ని గట్టిగా కట్టడి చేస్తాయి. ఇది చదివే మనవాళ్లు అక్కడ కూడా ఉంటారు కాబట్టి ఒక మాట: హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లకు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడమే సమాఖ్య చట్టం ప్రకారం నిషేధం. వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. వాటిని అక్కడి లాయర్‌తో నిర్ధారించుకోకుండా స్నేహితుడి గ్యారేజీలో సరదాకి బిగించే పనికి కూర్చోవద్దు.

ఎయిర్ పిస్టల్‌కు ఈ చిక్కు లేదు. మన దగ్గర 4.5 మి.మీ. క్యాలిబర్ దాటకుండా, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. పోటీ ఎయిర్ పిస్టల్ అర గ్రాము పెల్లెట్‌ను (చిన్న సీసపు గుండును) సెకనుకు 150 మీటర్ల చుట్టుపక్కల వేగంతో వదులుతుంది, అంటే 6 జౌళ్లకు అటూ ఇటూ. కొనేటప్పుడు గుర్తింపు పత్రం, చిరునామా రుజువు అడుగుతారు, ఇవ్వండి. కింద రాసేదంతా చెక్క గ్రిప్‌కు, తయారీదారు బయట ఇచ్చిన స్క్రూలకు సంబంధించినదే. వాల్వును, బ్యారెల్‌ను, లోపలి స్ప్రింగులను విప్పే పని మీది కాదు.

అసలు గ్రిప్‌కు ఇంత ప్రాధాన్యం ఎందుకు?

లెక్క చూడండి. ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం ఉజ్జాయింపుగా 350 మి.మీ. అనుకుందాం. టార్గెట్ 10 మీటర్ల దూరంలో ఉంది. ముందు సైటు వెనక సైటు నాచ్‌లో (గాడిలో) 1 మి.మీ. పక్కకు జరిగితే టార్గెట్ మీద దెబ్బ 28 మి.మీ. పైనే తప్పుతుంది. 10 పాయింట్ల వలయం వ్యాసం 11.5 మి.మీ., అక్కడి నుంచి ఒక్కో వలయం 8 మి.మీ. వెడల్పు. అంటే ఆ ఒక్క మిల్లీమీటరు మీ 10ని 7 చేసేస్తుంది. అదే సైట్లు రెండూ సరిగ్గా కుదిరి ఉండి చెయ్యి మొత్తంగా 3 మి.మీ. పక్కకు ఊగితే, దెబ్బ కూడా 3 మి.మీ. మాత్రమే తప్పుతుంది. స్కోరు 10 అలాగే ఉంటుంది.

కొత్తవాళ్లందరూ “చెయ్యి వణుకుతోంది సార్” అంటారు. చెయ్యి ఊగడం అసలు సమస్య కాదు, ప్రపంచ ఛాంపియన్‌కైనా ఊగుతుంది. మణికట్టు దగ్గర వచ్చే వంపే స్కోరును తినేస్తుంది. గ్రిప్ ఉన్నది ఆ వంపు రాకుండా చూడటానికి. చెయ్యి ప్రతిసారీ ఒకే చోట కూర్చోవాలి, మణికట్టును బలవంతంగా తిప్పకుండానే సైట్లు వాటంతటవే కుదరాలి. ఫ్యాక్టరీ గ్రిప్ ఎస్, ఎం, ఎల్ అని మూడు నాలుగు సైజుల్లో వస్తుంది. మనుషుల చేతులు మూడు నాలుగు రకాలే ఉండవు కదా.

మొదటి పరీక్ష, ఏ పనిముట్టూ పట్టకముందు

పిస్టల్ ఖాళీగా ఉందని చూసి, డ్రై ఫైర్ అమరికలో (పెల్లెట్ వదలకుండా ట్రిగ్గర్ మాత్రమే పనిచేసే అమరికలో) పెట్టండి. తెల్ల గోడ ముందు మామూలుగా గురి చూసే భంగిమలో నిలబడి, పిస్టల్ పట్టుకుని, కళ్లు మూసుకుని చెయ్యి ఎత్తండి. రెండు ఊపిర్లు తీసి వదిలి కళ్లు తెరవండి. ముందు సైటు నాచ్‌లో ఎక్కడుందో కాగితం మీద రాయండి: మధ్యలో, కుడికి, ఎడమకు, పైకి, కిందికి. పిస్టల్ బల్ల మీద పెట్టి, చెయ్యి విదిలించి, మళ్లీ పట్టుకోండి. ఇలా 20 సార్లు చేయండి.

ఇక్కడ చాలామంది రెండు వేర్వేరు తప్పులను ఒకటిగా కలిపేసుకుంటారు. నాచ్‌లో ముందు సైటు పక్కకు జరిగి ఉంటే తప్పు గ్రిప్‌ది. సైట్లు రెండూ చక్కగా కుదిరి, ఆ జంట మొత్తం టార్గెట్‌కు పక్కగా చూస్తుంటే తప్పు పాదాలది. రెండో దానికి వెనక పాదాన్ని కొద్దిగా జరిపితే చాలు, ఆకురాయి అక్కర్లేదు. ఈ తేడా తెలియక బంగారంలాంటి గ్రిప్‌ను చెక్కి పాడుచేసుకున్నవాళ్లు ప్రతి రేంజ్‌లోనూ కనిపిస్తారు.

20 సార్లలో 15 సార్లు ఒకే వైపు తప్పు వస్తే అది గ్రిప్ చెప్తున్న మాట. ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు వస్తుంటే మీరే ఇంకా ఒకేలా పట్టుకోవడం లేదు. అప్పుడు చెక్కడం ఆపి, ఇంకో మూడు వారాలు డ్రై ఫైర్ చేయండి.

ఇప్పటి గ్రిప్పుల్లో చాలావాటికి కోణం మార్చే స్క్రూలు ఉంటాయి. ముందు వాటితో ప్రయత్నించండి. కళ్లు తెరిచేసరికి ముందు సైటు కిందికి దిగి ఉంటే గ్రిప్ అడుగును ఇంకాస్త వెనక్కి వాల్చాలి, ముక్కు లేస్తుంది. పైకి లేచి ఉంటే వాలు తగ్గించాలి. ముందు సైటు కుడికో ఎడమకో జరిగి ఉంటే బొటనవేలి మూలం ఆనే చోట మందాన్ని కొద్దికొద్దిగా మార్చి, సైటు ఏ వైపు కదులుతుందో చూసుకోవాలి.

చెక్కడం

కావలసినవి: ఒకవైపు గుండ్రంగా ఉండే ఆకురాయి, 80, 120 నంబర్ల ఉప్పుకాగితం, సుద్దపొడి, ఎం-సీల్, పలచటి ప్లాస్టిక్ కవర్, మాస్కింగ్ టేపు, దుమ్ము మాస్కు, రబ్బరు తొడుగులు. కరెంటు గ్రైండర్ మొదటిసారే వద్దు. అది ఒక్క క్షణంలో 2 మి.మీ. తినేస్తుంది. మీకు ఒకసారికి కావలసింది అర మిల్లీమీటరు లోపే.

గ్రిప్‌ను పిస్టల్ నుంచి విప్పి చెక్కండి, బిగించి పరీక్షించండి. విసుగు పుట్టి బిగించి ఉండగానే చెక్కేస్తే చెక్కపొడి ట్రిగ్గర్‌లోకి పోతుంది.

ఎక్కడ చెక్కాలో సుద్ద చూపిస్తుంది. అరచేతికి పలచగా సుద్దపొడి పూసుకుని, నిజంగా కాల్చేటప్పుడు ఎంత గట్టిగా పడతారో అంతే గట్టిగా గ్రిప్ పట్టి, ఒక నిమిషం గురిలో ఉంచి, వేళ్లు జరపకుండా విప్పండి. వాల్‌నట్ చెక్క ముదురు రంగులో ఉంటుంది కాబట్టి తెల్లటి ముద్ర స్పష్టంగా కనిపిస్తుంది. సుద్ద దట్టంగా, నున్నగా అతుక్కున్న చోట చెయ్యి ఎక్కువ నొక్కుతోంది. అసలు అంటని చోట ఖాళీ ఉంది. చాలామందికి మధ్యవేలి రెండో కణుపు దగ్గర, బొటనవేలి మూలం దగ్గర దట్టమైన మచ్చలు, అరచేతి మధ్య గుంటలో ఖాళీ వస్తాయి. దట్టమైన చోట ఉప్పుకాగితంతో ఇరవై ముప్పై రాపిళ్లు, మళ్లీ సుద్ద, మళ్లీ పరీక్ష. రోజుకు రెండు మూడు విడతలకు మించి వద్దు. అలసిన చెయ్యి వేరే ఆకారంలో కూర్చుంటుంది, దానికి తగ్గట్టు చెక్కితే మర్నాడు ఉదయం సరిపోదు.

చూపుడువేలు చెక్కకు తగలకూడదు. దీన్ని మొదట చూసుకోండి. ట్రిగ్గర్ మీద వేలు పెట్టినప్పుడు ఆ వేలి పక్కభాగానికీ గ్రిప్‌కీ మధ్య రెండు మూడు ఏటీఎం కార్డులు దూరేంత సందు, అంటే దాదాపు 2 మి.మీ., ఉండాలి. వేలు చెక్కను రాసుకుంటూ వెనక్కి వస్తే ప్రతి దెబ్బలోనూ పిస్టల్‌ను పక్కకు తోస్తుంది. ఈ తప్పున్న షూటర్ నెలల తరబడి సైటు క్లిక్కులు తిప్పుతూనే ఉంటాడు. దెబ్బలు మాత్రం ఒకచోట పడవు, ఎందుకంటే తోపు ప్రతిసారీ ఒకేలా ఉండదు.

నింపడం

ఖాళీ ఉన్న చోట ఎం-సీల్ లాంటి ఎపాక్సీ ముద్ద బాగా పనికొస్తుంది. రెండు భాగాలూ సమానంగా తీసుకుని, చారలు లేకుండా ఒకే రంగు వచ్చేదాకా తొడుగులు వేసుకుని పిసకండి. నింపాల్సిన చోటును ముందే 80 నంబరు కాగితంతో గరుకు చేసి, 2 మి.మీ. డ్రిల్ బిట్‌తో 3 మి.మీ. లోతున రెండు మూడు చిన్న గుంటలు పెట్టండి. ముద్ద వాటిలోకి దిగి పట్టుకుంటుంది. ఈ పని మానేస్తే రెండు నెలల తర్వాత ముద్ద పెచ్చులా ఊడి చేతిలోకి వస్తుంది. చెక్క మీద నూనె, చెమట జిడ్డు ఉంటే థిన్నర్ గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి.

పిస్టల్ లోహభాగానికి మాస్కింగ్ టేపు వేసి, గ్రిప్ బిగించి, ముద్ద పెట్టి, దాని మీద ప్లాస్టిక్ కవర్ పరచండి. ఇప్పుడు కుర్చీలో కూర్చుని కాదు, నిజమైన భంగిమలో నిలబడి, చెయ్యి చాచి, 1.4 మీటర్ల ఎత్తున గోడ మీద పెట్టిన గుర్తు వైపు గురి చూస్తూ పట్టుకోండి. పోటీ టార్గెట్ మధ్య భాగం ఉండేది ఆ ఎత్తులోనే. మోచెయ్యి వంచి పట్టినప్పటి అరచేతి ఆకారం, చాచి పట్టినప్పటి ఆకారం ఒకటి కావు. నిమిషంన్నర తర్వాత చెయ్యి నిదానంగా తీసి, అంచుల వెంట బయటికి పొంగిన ముద్దను గీకేయండి. 24 గంటలు ముట్టుకోవద్దు. మే నెలలో హైదరాబాద్ ఎండకు ముద్ద చాలా త్వరగా బిగుస్తుంది, కాబట్టి కొంచెం కొంచెంగా కలుపుకుని, ఒక విడతకు ఒక చోట మాత్రమే నింపండి. గట్టిపడ్డాక సుద్ద పరీక్ష, ఆపై ఉప్పుకాగితం. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు తీయొద్దు.

ఇంకో మాట: అచ్చులో పోసినట్టు ప్రతి వేలికీ లోతైన గాడి చేసుకోవాలని మొదట్లో అందరికీ అనిపిస్తుంది. వద్దు. ఒకరోజు చెయ్యి 2 మి.మీ. కిందికి కూర్చుంటే వేళ్లన్నీ గట్ల మీద పడతాయి. లోతు తక్కువ పల్లం చాలు.

పామ్ షెల్ఫ్

అరచేతి అంచుకు కింద ఆనే పలక ఇది, పైకీ కిందికీ జరుగుతుంది. దీన్ని గట్టిగా బిగించుకుంటే మొదటి పది దెబ్బలకు చెయ్యి సిమెంటు పోసినట్టు హాయిగా ఉంటుంది. ముప్పయ్యో దెబ్బకు చెయ్యి వేడెక్కి ఉబ్బుతుంది, పలక నొక్కడం మొదలవుతుంది, వేళ్లు మొద్దుబారతాయి. మ్యాచ్ అంటే 60 దెబ్బలు, 75 నిమిషాలు. దానికి ముందు 15 నిమిషాల సన్నాహం. అంతసేపటికి పనికొచ్చేలా ఉండాలి. అరచేతి అంచుకూ పలకకూ మధ్య ఒక కాగితం కొంచెం రాపిడితో జారాలి, అదే కొలత. చలికాలంలో ఒక చోట, వేసవిలో ఒక చోట ఉంటుంది. రెండు చోట్లా పెన్సిల్‌తో గీత పెట్టుకోండి.

నిబంధనలు కూడా ఇక్కడే అడ్డొస్తాయి. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య నియమాల ప్రకారం పామ్ షెల్ఫ్, బొటనవేలి ఆనింపు గ్రిప్‌కు 90 డిగ్రీలకు తక్కువ కాని కోణంలో ఉండాలి. షెల్ఫ్ అంచు పైకి వంగి చేతిని పొదివి పట్టుకోకూడదు. గ్రిప్ చేతిని చుట్టేయకూడదు. బొటనవేలు పైకి స్వేచ్ఛగా లేవాలి. మణికట్టు బయటికి కనిపించాలి, దానికి ఎలాంటి ఆధారమూ అందకూడదు. ఆ చేతికి వాచీ, బ్యాండు కూడా పనికిరావు. మన షూటర్లలో చాలామందికి మణికట్టుకు దారం ఉంటుంది, పోటీ ముందు అడుగుతారు, గుర్తుంచుకోండి. మొత్తం పిస్టల్ బరువు 1,500 గ్రాములు దాటకుండా, 420 × 200 × 50 మి.మీ. పెట్టెలో పట్టాలి. ఎం-సీల్ ముద్దలు మందంగా వేసుకుంటూ పోతే ఆ 50 మి.మీ. దగ్గరే ఇరుక్కుంటారు. లోపలి కొలతలు సరిగ్గా అంతే ఉండేలా అట్టతో ఒక పెట్టె చేసి పెట్టుకోండి.

గ్రిప్ మీద వార్నిష్ వేయొద్దు. చెమట పట్టగానే జారుతుంది. విశాఖ, విజయవాడ తేమలో ఇది మరీ కష్టం. 80 నంబరు కాగితం రాసిన గరుకు అలాగే వదిలేయండి. చెయ్యి తుడుచుకోవడానికి ఒక తువ్వాలు బల్ల మీద ఉంటే చాలు.

ట్రిగ్గర్

గ్రిప్ కుదిరాకే దీని వంతు. కారణం, గ్రిప్ మారితే వేలి స్థానం మారిపోతుంది. వేలి కొసన మెత్తటి భాగం మధ్యలో ట్రిగ్గర్ ఆనాలి, వేలు సూటిగా వెనక్కి కదలాలి. ట్రిగ్గర్ బ్లేడును ముందుకూ వెనక్కూ జరిపే స్క్రూ దీనికే ఉంది. బ్లేడు మరీ దూరంగా ఉంటే వేలి చివరి అంచే అందుతుంది, కుడిచేతి షూటర్ దెబ్బలు ఎడమకు పోతాయి. మరీ దగ్గరగా ఉంటే కణుపు పడుతుంది, కుడికి లాగుతుంది.

10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కు కనీస ట్రిగ్గర్ బరువు 500 గ్రాములు. గరిష్ఠ పరిమితి లేదు. 510 నుంచి 520 మధ్య పెట్టుకోండి. సరిగ్గా 500 దగ్గర పెట్టుకున్నవాళ్లకు తనిఖీ బల్ల దగ్గర గుండె దడ తప్పదు. ఇందులో మొదటి దశ 350, రెండో దశ 160 గ్రాముల చుట్టూ ఉంటే కొత్తవాళ్లకు అనుకూలంగా ఉంటుంది. మొదటి దశలోనే ఎక్కువ బరువు తీసేసి, గోడలాంటి ఆనికకు చేరి, అక్కడి నుంచి కొద్దిపాటి ఒత్తిడితో విడుదల. రెండో దశ మరీ తేలిక చేస్తే మొదటి దశ దాటిందో లేదో వేలికి తెలియకముందే పేలిపోతుంది.

ఇంట్లో కొలిచే పద్ధతి: నీళ్ల సీసాకు తీగతో కొక్కెం కట్టి, వంటింటి డిజిటల్ కాటా మీద మొత్తం 510 గ్రాములు వచ్చేదాకా నీళ్లు పోయండి. పిస్టల్‌లో గాలి ఉండాలి, పెల్లెట్ ఉండకూడదు, కాక్ చేయాలి (పేలడానికి సిద్ధంగా లివర్ లాగి పెట్టాలి). బ్యారెల్ నిలువుగా పైకి పెట్టి, కొక్కెం ట్రిగ్గర్ మధ్యలో తగిలించి, బల్ల మీద ఉన్న సీసాను నిదానంగా పైకి లేపండి. బల్ల వదిలి లేచినా పేలకపోతే సరే. పైకప్పు వైపు ఎవరూ లేరని, పైన గాజు సామాను ఏమీ లేదని చూసుకునే ఈ పని చేయండి. ఖాళీ పిస్టల్ అయినా సరే.

ట్రిగ్గర్ స్టాప్ అనే స్క్రూ, పేలిన తర్వాత ట్రిగ్గర్ ఇంకా ఎంత వెనక్కి పోవాలో నిర్ణయిస్తుంది. పేలడం ఆగిపోయేదాకా బిగించి, మళ్లీ పేలేదాకా వదిలి, దానిపైన పావు తిప్పు అదనంగా వదలండి. ఆ పావు తిప్పు లేకపోతే దుమ్ము చేరిన రోజున పిస్టల్ మ్యాచ్ మధ్యలో పేలనంటుంది. ఏ స్క్రూ అయినా ఒకసారికి పావు తిప్పే, తిప్పిన ప్రతిసారీ పుస్తకంలో తేదీతో రాసుకోవాలి. ఏ స్క్రూ ఏ దశకో మోడల్‌ను బట్టి మారుతుంది, మాన్యువల్ పక్కన పెట్టుకునే తిప్పండి.

సైట్లు, బరువు

సైట్ల గురించి ఎక్కువ చెప్పేది లేదు. 4.5 మి.మీ. వెడల్పు ముందు సైటుతో మొదలుపెట్టండి. దాని రెండు పక్కలా కనిపించే వెలుగు గీతలు సమానంగా, ఒక్కోటి సైటు వెడల్పులో మూడో వంతు నుంచి సగం మధ్య ఉండేలా వెనక నాచ్ తెరవండి. మరీ సన్నటి వెలుగు పెట్టుకుంటే కన్ను అలసిపోతుంది. గురి నల్లటి గుండ్రం మధ్యలో కాదు, దాని కింద తెల్లటి భాగంలో పెట్టుకోండి. నలుపు మీద నల్లటి సైటు మాయమైపోతుంది. నలుపు అంచుకు సరిగ్గా తాకించాలని చూస్తే కన్ను టార్గెట్ మీదికి పారిపోతుంది. కన్ను ఎప్పుడూ ముందు సైటు మీదే ఉండాలి. నలుపు మసగ్గా కనిపించాలి, అదే సరైనది. కళ్లజోడు ఉన్నవాళ్లు చాచిన చేతి దూరంలో ముందు సైటు స్పష్టంగా కనిపించేలా అద్దం రాయించుకోవాలి. రోజువారీ కళ్లజోడుతో చాలామంది వృథాగా కష్టపడుతుంటారు.

అదనపు బరువులు మొదటి మూడు నెలలు అసలు వద్దు. ముందు భాగంలో బరువు పెడితే ఊగడం నెమ్మదిస్తుంది, మొదటి సిరీస్ (పది దెబ్బలు) అద్భుతంగా ఉంటుంది. నలభై అయిదో దెబ్బకు భుజం దిగుతుంది. అందుకే బరువు పెట్టినప్పుడు మొదటి పది దెబ్బలు కాదు, చివరి పది దెబ్బలు ఎక్కడ పడ్డాయో చూడాలి. పెడితే 10, 20 గ్రాముల చొప్పున మాత్రమే.

వరుస తప్పొద్దు: గ్రిప్, ట్రిగ్గర్ స్థానం, ట్రిగ్గర్ బరువు, సైట్లు, చివరికి బరువులు. ఒక మార్పు చేశాక కనీసం 300 దెబ్బలు, డ్రై ఫైర్‌తో కలిపి, అయ్యేదాకా రెండోది ముట్టుకోవద్దు. ఒకే సాయంత్రం గ్రిప్ చెక్కి, ట్రిగ్గర్ తిప్పి, సైటు మారిస్తే స్కోరు ఎందుకు పెరిగిందో ఎందుకు తగ్గిందో మీకు ఎవరూ చెప్పలేరు.

కొనే ముందు

వెంటనే కొనకండి. ముందు క్లబ్బు పిస్టళ్లతో రెండు మూడు నెలలు కాల్చండి. హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి అవకాశాలకు కొదవ లేదు. గచ్చిబౌలి వైపు రాష్ట్ర క్రీడాసంస్థ రేంజ్ ఉంది, ప్రైవేటు అకాడమీలు ఉన్నాయి. 2018లో 13 ఏళ్లకే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో జాతీయ ఛాంపియన్ అయిన ఈషా సింగ్ ఈ ఊరి అమ్మాయే. స్టెయర్, మొరీని, ఫైన్‌వెర్క్‌బావ్, వాల్తెర్, పార్దీనీ, ఈ అయిదు కంపెనీల పిస్టళ్లలో ఏది పట్టినా యంత్రం మీకంటే చాలా మెరుగ్గానే కాలుస్తుంది. ఏది మీ చేతిలో తక్కువ చెక్కుడుతో కూర్చుంటుందో అదే మీది. ఛాంపియన్ వాడే గ్రిప్ ఆకారాన్ని చూసి అలాగే చెక్కించుకోవద్దు, అది ఆమె చెయ్యి.

గ్రిప్ సైజు రెండింటి మధ్య ఊగుతుంటే పెద్దది తీసుకోండి. చెక్క తీసేయడం తేలిక, వేయడం కష్టం.

పాత పిస్టల్ కొంటుంటే గ్రిప్ ఎలా ఉందన్నది చివర్లో చూడండి. ముందు గాలి సిలిండర్ మీద ముద్రించిన తేదీ చూడండి. ఈ కంపెనీల సిలిండర్లకు మామూలుగా 10 ఏళ్ల గడువు ఉంటుంది, అది దాటితే 200 బార్ ఒత్తిడి నింపకూడదు, కొత్త సిలిండర్ ఖర్చును ధరలోంచి తగ్గించి మాట్లాడండి. తర్వాత సిలిండర్ నింపి పిస్టల్‌కు బిగించి, గేజ్ అంకె ఫోటో తీసుకుని, మర్నాడు అదే వేళకు మళ్లీ చూడండి. ముల్లు దిగితే సీళ్లు పోయాయి. నింపే కనెక్షన్ల దగ్గర మామూలు యంత్రపు నూనె, గ్రీజు రాసిన గుర్తులుంటే ఆ పిస్టల్ వదిలేయండి, అధిక ఒత్తిడి గాలికి ఆ నూనె తగలడం ప్రమాదం. ఎలక్ట్రానిక్ ట్రిగ్గర్ మోడల్ అయితే బ్యాటరీ గూడు తెరిచి తుప్పు ఉందేమో చూడండి. పోటీకి వెళ్లేటప్పుడు రెండో సిలిండర్, కొత్త బ్యాటరీ, అన్ని సైజుల ఆలెన్ కీలు పెట్టెలో ఉండాలి. టోక్యో ఒలింపిక్స్ క్వాలిఫికేషన్ మధ్యలో మను భాకర్ పిస్టల్ మొరాయించి విలువైన సమయం పోయింది.

ఇంట్లో సాధన చేస్తే పెల్లెట్ ట్రాప్ (పెల్లెట్లను ఆపి పట్టే పెట్టె) వెనక గోడే ఉండాలి, తలుపు ఉండకూడదు, ఆ దారిలో ఎవరూ నడవకూడదు. కాల్చనప్పుడు బ్యారెల్‌లో సేఫ్టీ ఫ్లాగ్ (పిస్టల్ ఖాళీ అని చూపే రంగు తీగ) ఉంచాలి. పెల్లెట్లు సీసంతో చేసినవి, సాధన అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే తిండి ముట్టుకోవాలి. గ్రిప్ చెక్కిన రోజున మీ సుద్ద ముద్రల ఫోటోలు, 20 సార్ల పరీక్ష కాగితం ఇక్కడ పెట్టండి. మచ్చలు ఎక్కడ పడ్డాయో చూసి తర్వాత ఏ చోట తీయాలో చెప్తాను.